మూత తీయని కుండలు

మా విత్తనాల గది సంఘం ఇంటి వెనక ఉంటుంది. ఒకప్పుడు అందులో పత్తి నింపేవారు. గోడల గరుకుకు ఇప్పటికీ అక్కడక్కడ దూది పీచు అంటుకొని ఉంటుంది. బెల్లంపల్లి నుంచి వచ్చే బస్సు దిగి సిమెంటు రోడ్డు మీద కొంచెం నడిస్తే మా ఊరు. గదిలో మట్టికుండలు, పేడతో అలికిన వెదురు గుమ్ములు, మూలకు ఇనుప డబ్బాలు. కొర్రలు, సామలు, అనుములు, పెసలు, రకరకాల జొన్నలు. ఊళ్లో నీళ్లున్నవాళ్లు వరి వేస్తారు, లేనివాళ్లు పత్తి వేస్తారు. పాత పంటల విత్తనం బొత్తిగా పోకుండా ఉండాలని సంఘం ఆడవాళ్లం కొందరం కలిసి ఆ గది పెట్టుకున్నాం. సోలెడు తీసుకున్నవాళ్లు పంట వచ్చాక రెండు సోలలు తెచ్చి పోయాలి. అంతకు మించి నియమాలేమీ లేవు. తాళంచెవి ఒక ఏడాది నా దగ్గర, మరో ఏడాది నా తోటికోడలి దగ్గర ఉండేది.

మొదట్లో మాలో ఎవరికీ చదువు రాదు. ఏ కుండలో ఏముందో తెలియాలంటే మూత తీసి చెయ్యి పెట్టాల్సిందే. కొర్రలు వేళ్ల సందుల్లోంచి జారిపోయేవి. సామలు ఇంకా నున్నగా ఉండేవి. ఏ జొన్న ఏదో గుప్పిట పడితే తెలిసేది, తెలియకపోతే వాకిట్లోకి తెచ్చి చూసుకునేవాళ్లం. ఒక కుండ కోసం వెతుకుతూ అన్నీ తెరిచేవాళ్లం. అట్లా తెరిచినప్పుడే చేతికి వేడి తగిలేది. గింజల్లో చెయ్యి పెడితే చల్లగా ఉండాలి. గోరువెచ్చగా ఉందంటే లోపల పురుగు పడినట్టు. ఆ కుండను బయటికి తెచ్చి, చాటతో చెరిగి, ఎండబోసి, బూడిద, వేపాకు కలిపి మళ్లీ మూసేవాళ్లం. పురుగును చూడడానికని ఎవరూ కుండలు తెరిచేవారు కాదు. వెతుకులాటలోనే ఆ పని కూడా అయిపోయేది. అది కూడా ఒక పని అని మాకు అప్పుడు తెలియదు.

నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక. అప్పటికి దగ్గు ఎక్కువై బీడీలు చుట్టడం మానేశాను. సాయంత్రాలు సంఘం ఇంట్లో ఒక పిల్ల చదువు చెప్పేది. డిగ్రీ అయిపోయి ఉద్యోగం పరీక్షకు తయారవుతున్న పిల్ల. అరటి, ఆవు అని మొదలుపెట్టింది. ఆ మాటలు రాసి నేను చేసేదేముంది?

"కొర్ర అని ఎట్ల రాత్తరో చెప్పు బిడ్డా" అన్నాను.

"కొర్రకు ఒత్తు ఉంటదవ్వా. ఒత్తులు ఆఖరుకు నేర్సుకుంటరు."

"గట్లయితె సామ చెప్పు."

నేను మొదట రాసిన మాట సామ. తర్వాత పెసర, అనుము, కంది. ఒత్తులు వచ్చేసరికి వానకాలం పోయి చలికాలం వచ్చింది. జొన్న అని రాసిన రోజున పలక ఇంటికి తెచ్చుకొని, చెరపకుండా గూట్లో పెట్టాను.

ఆ ఎండాకాలం కుండలన్నిటికీ చీటీలు అంటించాం. పెళ్లి కార్డుల వెనక వైపు తెల్లగా ఉంటుంది కాబట్టి వాటినే కత్తిరించాం. నేను రాశాను, తోటికోడలు మైదాపిండి ఉడకబెట్టి అంటించింది. గది చూడ్డానికి పట్నం నుంచి అప్పుడప్పుడు మనుషులు వచ్చేవారు. వాళ్లు చీటీల ముందు నిలబడి ఫోటోలు తీసుకునేవారు. లోపల ఉన్న గింజలకంటే చీటీలే వాళ్లకు నచ్చినట్టు అనిపించేది. మాకూ నచ్చాయి. ఎవరైనా వచ్చి అనుములు కావాలంటే నేరుగా వెళ్లి ఆ కుండే తీసేవాళ్లం. మిగతా వాటి మూత తీసే అవసరం ఉండేది కాదు.

వదిన కుండ కూడా వాటిలో ఒకటి. ఆమె నాకు చుట్టమేమీ కాదు. సంఘం మీటింగుల్లో పరిచయం, ఒకరినొకరం వదినె అని పిలుచుకుంటాం. వాళ్ల ఊరు ఓపెన్‌కాస్టు బొగ్గు గని కిందికి పోయింది. కొత్త కాలనీలో ఇచ్చిన ఇల్లు చిన్నది, వాకిలి కూడా సిమెంటే. పోయే ముందు ఆమె తన పేలాల జొన్న తెచ్చి మా గదిలో పెట్టింది. సన్నటి గింజ, గట్టిది. దాంతో రొట్టె కాదు, గటక కాదు. తొలి ఏకాదశి పండుగకు పేలాలు వేయించి, దంచి, బెల్లం కలుపుకోవడానికే ఆ జొన్న. మామూలు జొన్న కూడా పేలుతుంది కాని సగం మాడుతుంది. ఇది మూకుట్లో వేస్తే ఒక్క గింజా మిగలకుండా తెల్లగా విచ్చుకునేది. వాళ్ల ఊళ్లో ఇంటింటికీ ఉండేదట. ఊరు లేచిపోయేటప్పుడు, ఆమె దగ్గర ఎట్లాగూ ఉంటుంది కదా అని మిగతావాళ్లెవరూ దాచుకోలేదట.

జొన్న విత్తనాన్ని ఏళ్ల తరబడి కుండలోనే ఉంచకూడదు. మధ్య మధ్యలో చేనులో వేసి కొత్త గింజ చేసుకోవాలి. ఏడాది విడిచి ఏడాది నేను మా చేను గట్టు వెంట రెండు సాళ్లు వేసేదాన్ని. ఊరంతా పత్తి అయ్యాక అది కష్టమైంది. చుట్టూ పత్తి ఉండి మధ్యలో రెండు సాళ్ల జొన్న ఉంటే, ఆ చుట్టుపక్కల పిట్టలన్నీ దాని మీదే వాలతాయి. రెండేళ్లు వేయలేదు. కుండ నిండుగా ఉందన్న ధైర్యం ఉండేది.

ఆ ఏడు మృగశిర కార్తెలో రెండు వానలు పడ్డాక వదిన బస్సు దిగి వచ్చింది. చేతిలో ఖాళీ సంచి. నీళ్లిస్తే పక్కన పెట్టి సంగతి చెప్పింది.

"తల్లిగారి ఊర్లె మా తమ్ముడు చెలుక ముక్క చేసుకొమ్మన్నడు వదినె. ఈ పంటకు సూత్తడట, మంచిగైతె అచ్చే ఏడు గూడ ఉంచుకొమ్మన్నడు. నా జొన్న నాకియ్యి."

"ఉత్తగనే ఇచ్చిండా?" అంది నా తోటికోడలు.

"తమ్ముడు మంచోడే. తమ్మునికి పెండ్లాం ఉన్నది గదా! ఆమె పత్తి పెడుదమంటాంది. నేను జల్ది ఏదన్న మొలిపియ్యకపోతె అండ్ల పత్తిగింజ పడ్తది. ఇగ నాకు చెలుక దొరుకది, జొన్నకు చోటు దొరుకది."

గది తెరిచి కుండ దించాం. చీటీ కొత్తదానిలాగే ఉంది. మూతి చుట్టూ పెట్టిన పేడమట్టి కూడా చెదరలేదు. దాన్ని గిల్లి మూత తీయగానే లోపలి నుంచి వెచ్చటి గాలి, ముక్కవాసన. వదిన చెయ్యి పెట్టి గుప్పిట పైకి తీసింది. పిండి. దాంట్లో నల్ల పురుగులు పాకుతున్నాయి. ఆమె గుప్పిట అట్లాగే పట్టుకొని కాసేపు చీటీ వైపు చూసింది. ఆమెకు చదువు రాదు.

"గిండ్ల ఏం రాసినవ్?"

"పేలాల జొన్న అని."

"పేరైతె ముత్యాలోలె రాసినవ్ వదినె. పురుగులకు గూడ సదువచ్చినట్టుంది. సదువుకోని సక్కగ లోపటికి పోయినయ్."

తోటికోడలికి నవ్వు వచ్చి ఆపుకుంది. ఆ రోజే మిగతా కుండలు కూడా వాకిట్లోకి తెచ్చి తెరిచాం. బూడిద ఎక్కువ పట్టిన పప్పు గింజలు బాగానే ఉన్నాయి. జొన్నల్లో ఇంకో రెండు రకాలు వెచ్చబడ్డాయి కాని పోలేదు, ఎండకు పోస్తే తేరుకున్నాయి. కొర్రలకూ సామలకూ ఏమీ కాలేదు. పూర్తిగా పోయింది ఆమెదే.

ఆ పిండిని వదిన పారబోయనివ్వలేదు. చాటలో పోసి మెల్లగా చెరిగింది. పొల్లు ఎగిరిపోయాక మిగిలినదాన్ని తొట్టిలో నీళ్లు నింపి అందులో వేశాం. తొలిచిన గింజ తేలుతుంది, గట్టిది మునుగుతుంది. దాదాపు అంతా తేలింది. అడుగున మిగిలినవి తీసి గుడ్డ మీద ఆరబోస్తే దోసిలి కూడా నిండలేదు. అవన్నీ మొలుస్తాయన్న నమ్మకం కూడా లేదు.

"గిన్ని గింజలు చెలుకల సల్లితె పిట్ట ముక్కుకు సాలవు" అంది వదిన. కొంగుకు మూట కట్టుకుంది. అప్పుడు గాని నీళ్లు తాగలేదు.

ఆమె చెల్లెలిని ఆదిలాబాద్ దాటాక, మహారాష్ట్ర వైపు ఊరికి ఇచ్చారు. చాలా ఏళ్ల కింద ఆ చెల్లెలికి ఈ జొన్న కొంత ఇచ్చిందట. ఆ ఇంట్లో ఇంకా జొన్న పండిస్తారని, అక్కడ ఉండొచ్చని ఆమెకు గుర్తొచ్చింది. మర్నాడు ఇద్దరం బయలుదేరాం. నన్ను ఆమె రమ్మనలేదు, వద్దని కూడా అనలేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చొని, దారి పొడుగునా చేలల్లో ఎవరు ఏం వేస్తున్నారో చూస్తూ పోయింది. ఆదిలాబాద్‌లో జిన్నింగు మిల్లులు మూసి ఉన్నాయి. గేట్ల ముందు చెట్లకు, కరెంటు తీగలకు నిరుటి దూది వేలాడుతోంది. అక్కడ ఇంకో బస్సు ఎక్కాం.

చెల్లెలు మమ్మల్ని చూసి పొయ్యి దగ్గరి నుంచి లేచి వచ్చింది. ఆమె మాటల్లో మరాఠీ కలిసిపోయింది.

"కాయ్ ఝాలా అక్కా? ఫోన్ గూడ చెయ్యకుంట అచ్చినవ్? బావ మంచిగున్నడా?"

"మీ బావకేమైంది, గుండు లెక్క ఉన్నడు. నా జొన్న ఏడున్నదే?"

"కూసో ముందుగాల. ఎవలన్న సచ్చిపోయిండ్రేమో అనుకున్న నిన్ను సూసి!"

రొట్టెలు కొట్టి, పచ్చిమిరపకాయ నూరి పెట్టింది. తింటూ వదిన కుండ సంగతి, చెలుక సంగతి చెప్పింది. తిన్నాక చెల్లెలు లోపలి గదిలోంచి ఒక సంచి లాక్కొచ్చింది. సగానికి పైగా జొన్న. ప్రతి ఏడూ చేను చుట్టూ ఒక సాలు వేస్తానని, పండుగకు దాంతోనే పేలాలు చేస్తానని చెప్పింది. వదిన దోసిలిలోకి తీసుకొని చాలాసేపు చూసింది. కొన్ని గింజలు సన్నగా ఉన్నాయి, కొన్ని లావుగా ఉన్నాయి.

"మూకుడు పెట్టు" అంది.

గుప్పెడు గింజలకు నీళ్లు చిలకరించి, గుడ్డలో మూట కట్టి కాసేపు ఉంచారు. మూకుడు కాలాక వేశారు. కొన్ని టప్పుమని విచ్చుకున్నాయి. కొన్ని అటూ ఇటూ దొర్లి, నల్లబడి ఊరుకున్నాయి. వదిన వాటిని చాటలో పోసి, తెల్లవి ఒక వైపు, నల్లవి ఒక వైపు ఏరింది. నల్లవే ఎక్కువ. ఇన్నేళ్లూ రొట్టె జొన్న పక్కనే పూసి దానితో కలిసిపోయింది.

చెల్లెలు నవ్వింది. "నీ జొన్న మా రొట్టెజొన్న ఇంటికి కోడలాయె అక్కా. ఇన్నేండ్లు కాపురం చేసినంక అత్తింటి గుణం పడదా?"

"నీకు పడ్డది సాలదా? మాట మాటకు కాయ్ కాయ్ అంటున్నవ్ కాకి లెక్క."

"కాకినే గని సంచెడు జొన్న ఇత్తున్న. తీస్కపో. సగమన్న పేలుతయ్. మన తమ్ముని పెండ్లాం నోరన్న మూతవడ్తది."

అది నిజమే. ఆ సంచి తీసుకుపోతే చెలుక మొత్తం నిండుతుంది, పత్తి పడదు. వదిన సంచి మూతి పట్టుకొని కూర్చుంది. నేను తీసుకుంటుందనే అనుకున్నాను. నేనైతే తీసుకునేదాన్ని. చివరికి మూతి ముడి వేసి చెల్లెలి వైపు తోసింది.

"ఒక్కసారి నా దాంట్ల కలిసిందంటె ఇగ ఏరుడు కాదు. వద్దు."

"మరి ఏం ఏత్తవ్? నీ తల ఏత్తవా?"

"కొంగుల ఉన్నయి ఏత్త."

తిరుగు బస్సులో మంచిర్యాల దగ్గరికి వచ్చాక వదిన నా వైపు తిరిగింది. "ఫికర్ చెయ్యకు వదినె. నిన్ను తిట్ట." కొంచెం ఆగి, "ఇయ్యాల తిట్ట" అంది.

తమ్ముడి ఇంటి వెనక ఆమె తడి గోనెసంచిలో ఆ గింజలు చుట్టిపెట్టింది. రెండు రోజులకు కొన్నిటికి తెల్లటి మొన వచ్చింది. ఇంకో రెండు రోజులు చూస్తే ఇంకొన్నిటికి వచ్చింది. మిగతావి బూజు పట్టాయి. జొన్నను ఎక్కడైనా గొర్రుతో విత్తుతారు, లేకపోతే చల్లుతారు. ఆమె చిన్న మడి కట్టి, పేడ, బూడిద వేసి, మొలకెత్తిన గింజలను ఒక్కొక్కటే వేలుతో పొదిగింది. జానెడు పెరిగాక వరినారులాగా పీకి చెలుకలో నాటేసింది. నాట్లకు నేను పోయాను. దారిన పోయేవాళ్లంతా నిలబడి చూశారు.

"జొన్నకు నారు పోసుడు మా తాతల కాలంల సూడలే" అన్నాడొక ముసలాయన. "నీళ్లు గూడ కడ్తవా ఏంది?"

"కడ్త. నీ ఇంటి నల్లా పైపు ఇయ్యి" అంది వదిన, తల ఎత్తకుండా.

తమ్ముడు గట్టు మీద నిలబడ్డాడు. "అక్కా, నారు మూలకే అయిపాయె. మిగిలిన చెలుక ఏం జేత్తవ్?"

జవాబు ఆయన భార్య దగ్గర తయారుగా ఉంది. మర్నాటికల్లా మిగిలిన చెలుకలో పత్తిగింజ పడింది. ఒక మూల మాత్రం జొన్నకు మిగిలింది. చుట్టుపక్కల ఎక్కడా వేరే జొన్న లేదు కాబట్టి, ఈసారి దేనితోనూ కలిసే భయం లేకపోయింది. పత్తి వల్ల జరిగిన మేలు అదొక్కటే.

తొలి ఏకాదశికి వాళ్లింట్లో పేలాలు చేయలేదు. బజారులో దొరికే మక్కజొన్న పేలాలు తెస్తానని తమ్ముడు అంటే వదిన వద్దందట.

కంకులు పాలు పోసుకున్నాక చిలుకలు వచ్చాయి. వదిన పాత చీర చింపి ఒక్కో కంకికి ఒక్కో ముక్క కట్టింది. కాలనీలో ఇల్లు, మొగుడు, అన్నీ వదిలి ఆ నెలంతా తమ్ముడి ఇంట్లోనే ఉంది. అప్పుడు చూసిన తమ్ముడి భార్య, "మా ఆడిబిడ్డ జొన్నకు రైకలు కుట్టిచ్చింది" అని ఊరంతా చెప్పుకుంది. కాని పగలు పత్తిలో కలుపు తీసేటప్పుడు చిలుకలు వాలితే ఆమే కేకలు వేసి తరిమేదని వదిన తర్వాత చెప్పింది.

ఈ మధ్యలో మేము ప్రతి అమావాస్యకు కుండలన్నీ బయటికి తెచ్చి తెరవడం మొదలుపెట్టాం. చీటీలు తీసేయలేదు. పని ఎక్కువైందని తోటికోడలు సణుగుతుంది. నేనూ సణుగుతాను.

దీపావళి పోయాక పంట కోశారని విని వెళ్లాను. కంకులను ఇంటి వెనక నీళ్ల పొయ్యి మీద, పొగ తగిలేట్టు దూలానికి వేలాడగట్టింది. తక్కువే ఉన్నాయి. కొన్ని చీరముక్కలు చిలుకల ముక్కులకు చినిగి, లోపలి కంకి సగం ఖాళీ అయింది. వదిన కింద రాలిన గింజలు ఏరి మూకుట్లో వేసింది. తమ్ముడి భార్య కూడా వచ్చి నిలబడింది. అన్నీ విచ్చుకున్నాయి. మాడినది లేదు. మా ఇద్దరి చేతుల్లో కొన్ని పెట్టి, మిగిలినవి తాను నోట్లో వేసుకుంది.

"గింత సన్నగున్నయ్ గని ఎంత పూసినయే!" అంది తమ్ముడి భార్య.

"అచ్చే ఏడు చెలుక ఇయ్యి, ఇంటినిండ పూపిత్త."

"మీ తమ్ముణ్ణడుగు."

"నీకు తెల్వకుంట వాడు బీడి గూడ ముట్టియ్యడు. నిన్నే అడుగుతున్న."

ఆమె చాట తీసుకొని లోపలికి పోయింది.

నేను వచ్చిన పని చెప్పాను. గదికి విత్తనం కావాలి. పంట మీద సోలెడు అయినా చాలు.

వదిన పొయ్యిలో కట్టె సర్ది, పైన వేలాడుతున్నవాటి వైపు చూసింది.

"సోలెడు ఇయ్య వదినె. నీ మీద కోపం కాదు. ఉన్నయే గిన్ని. చెలుక దొరికితె అన్ని కావాలె."

"దొరుకకపోతె?"

"దొరుకకపోతె అన్ని తెచ్చి నీ దగ్గర్నే పెట్టాలె. యాడికి పోత?"

ఆ మాట అన్నాక పీట ఎక్కి, దూలం నుంచి ఒక కంకి విప్పింది. మంచి కంకే, చిలుక ముట్టనిది. గింజ రాలకుండా నా సంచిలో తానే పెట్టింది.

"కంకితోనే ఉంచు. కొట్టకు, కుండల పెట్టకు. ఎదురుంగ కట్టు. పురుగు వడితె అచ్చిపోయేటోళ్లకు గూడ కనవడ్తది."

"ఉంచుత."

"మృగశిరల అస్త. ఇది ఎట్లున్నదో సూసినంకనే మిగిలినయి ఇచ్చుడా, ఇయ్యకపోవుడా."

గదిలో ఎదురుగా కట్టాలంటే దూలం లేదు, రేకుల కప్పు. తలుపుకు ఎదురుగా ఇనుప పైపుకు తీగ కట్టి దించాను. ఆ రాత్రికే ఎలుక తీగ పట్టుకొని దిగుతుందని తోటికోడలు అంది. మర్నాడు కొబ్బరిచిప్పకు బెజ్జం పెట్టి, బోర్లించి, కంకికి పైన తీగలోకి గుచ్చాను. ఇప్పటివరకు ఎలుక దిగలేదు.